ఆ ఒక్క రోజు ఎవరిది? ‘సమ్‌డే’ నవల మీద పాఠకుల వాదన

డేవిడ్ లెవితన్ రాసిన ‘ఎవ్రీ డే’ నవల 2012లో వచ్చింది. దానికి జోడుగా 2015లో ‘అనదర్ డే’, కొనసాగింపుగా 2018 అక్టోబరులో ‘సమ్‌డే’ వచ్చాయి. మొదటి పుస్తకాన్ని కిందపెట్టకుండా చదివామని చెప్పేవాళ్లే మూడో పుస్తకం దగ్గర రెండుగా చీలిపోతారు. అమెరికాలో అంతే, విశాఖపట్నంలో ఇంగ్లిష్ నవలలు చదివే కుర్రకారులోనూ అంతే. ప్రేమకథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సాగుతుందని ఆశపడ్డవాళ్లకు ‘సమ్‌డే’ నిరాశే మిగిల్చింది. ఇంకొందరికి మాత్రం మొదటి పుస్తకం పక్కకు నెట్టేసిన ప్రశ్నను మూడోది ముందుకు తెచ్చి నిలబెట్టిందని అనిపించింది. ఈ రెండోవాళ్ల మాటలోనే ఎక్కువ న్యాయం ఉంది. ఎందుకో తెలియాలంటే కథలోకి కొంచెం లోతుగా వెళ్లాలి. కథ ముందే తెలిసిపోవడం ఇష్టంలేనివాళ్లు పుస్తకాలు చదివాక ఇక్కడికి వస్తే మంచిది.

కథలో ప్రధాన పాత్రకు పేరంటూ ఒక్క అక్షరమే, ‘ఎ’. సొంత శరీరం లేదు. రోజూ ఉదయం వేరొకరి శరీరంలో నిద్ర లేస్తుంది, అర్ధరాత్రి దాటగానే అక్కడి నుంచి వెళ్లిపోతుంది. ఒకసారి ఉన్న శరీరంలోకి మళ్లీ రావడం ఉండదు. ఆ శరీరం వయసు ఎప్పుడూ తన వయసే. నవల మొదలయ్యేది 5994వ రోజున, అంటే పదహారేళ్లు దాటి కొన్ని నెలలు. ఆ ఇల్లు, ఆ బడి, ఆ స్నేహితుల గురించిన వివరాలు శరీరంలోని జ్ఞాపకాల నుంచి అందుతాయి గానీ, ఆ మనిషి మనసులో ఏముందో పూర్తిగా అందదు. మర్నాడు దొరికే శరీరం కూడా ఎక్కడో దూరాన ఉండదు, ముందురోజు ఉన్న చోటికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ చివరి నియమం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నవలలో అన్నిటికన్నా బాధాకరమైన ఒక తప్పుకు అదే కారణం. ఆ సంగతి తరవాత.

5994వ రోజున ‘ఎ’ జస్టిన్ అనే అబ్బాయి శరీరంలో లేస్తుంది. జస్టిన్‌కు రియానన్ అనే గర్ల్‌ఫ్రెండ్ ఉంది. ఆమెను అతను సరిగ్గా చూసుకోడు. ఆ రోజు మాత్రం ఇద్దరూ బడి ఎగ్గొట్టి కారులో సముద్రం దగ్గరికి వెళ్తారు. ఆమె అంత సంతోషంగా ఉండటం చూసి ‘ఎ’ ప్రేమలో పడుతుంది. మేరీల్యాండ్‌లో ఉండే ఆ పిల్లలకు సముద్రం అంటే పనిగట్టుకుని వెళ్లాల్సిన ప్రయాణం. విశాఖలో క్లాసు ఎగ్గొట్టినవాళ్లు ఆంధ్రా యూనివర్సిటీ వైపు నుంచి ఒక వాలు దిగితే బీచ్ రోడ్డులో ఉంటారు. అందుకేనేమో ఇక్కడి పాఠకులకు ఆ అధ్యాయంలో ప్రయాణం కంటే మాటలే గుర్తుంటాయి. తను ఏం చెప్పినా ఓపిగ్గా వింటున్న మనిషిని చూసి రియానన్ మొదట నమ్మలేకపోవడం, తరవాత మెల్లగా నమ్మడం. మర్నాడు అదే ముఖంతో పాత జస్టిన్ ఎదురవుతాడు. ఆమెకు తేడా ఎందుకొచ్చిందో తెలియదు.

ఈ ఘట్టం దగ్గర తెలుగు చదువుకున్నవాళ్లకు అల్లసాని పెద్దన గుర్తుకు రాక మానడు. మనుచరిత్రలో ప్రవరుడు కాదని వెళ్లిపోతాడు. వరూధిని అంటే ఎప్పటినుంచో మనసున్న గంధర్వుడు ప్రవరుడి రూపు కట్టుకుని ఆమె దగ్గరికి వస్తాడు. దగ్గరైన వేళ కళ్లు మూసుకోవాలని ఆమెకు షరతు పెడతాడు. తను ప్రేమించినవాడే తిరిగొచ్చాడని వరూధిని నమ్ముతుంది. బీచ్‌లో రియానన్ పరిస్థితీ ఇదే. ముఖం ఒకరిది, మనసు ఇంకొకరిది. తేడా ఏమిటంటే గంధర్వుడు కావాలని ఆ వేషం కట్టాడు. ‘ఎ’ మాత్రం తెల్లారేసరికి జస్టిన్ మంచం మీద ఉంది, అది తను కోరుకున్నది కాదు. కానీ అక్కడి నుంచి సముద్రం దాకా వెళ్లడం తను ఎంచుకున్న పనే. మనుచరిత్ర చదివేటప్పుడు సాధారణంగా వరూధిని మోసపోవడం గురించే మాట్లాడతాం. తన రూపాన్ని ఎవరో వాడుకున్నారని అరుణాస్పదపురంలో నిత్యకర్మలు చేసుకుంటున్న ప్రవరుడికి తెలియదు, ఎవరూ వెళ్లి చెప్పరు కూడా. లెవితన్ నవలల గురించి వచ్చే వాదనల్లో మొదట వినపడని పేరు కూడా ఆ ప్రవరుడి లాంటివాళ్లదే. శరీరం అసలు ఎవరిదో వాళ్లది.

రెండో పుస్తకం గురించి చెప్పుకోవలసింది తక్కువ. ‘అనదర్ డే’ ముందుకు సాగే కథ కాదు. జరిగిందే మళ్లీ రియానన్ వైపు నుంచి చెబుతుంది. మొదటి పుస్తకంలోని సంభాషణలు ఇందులో మళ్లీ వస్తాయి కాబట్టి, రెండూ వెంటవెంటనే చదివినవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయమే. కానీ ఒక లాభం జరిగింది. మొదటి పుస్తకంలో ‘ఎ’ కళ్లతో చూసినప్పుడు రియానన్ రక్షించవలసిన అమ్మాయిగా కనిపిస్తుంది. తన వైపు నుంచి చూస్తే తనకంటూ లెక్కలు, భయాలు, మొండితనం ఉన్న మనిషి. ఈరోజు అబ్బాయిగా, రేపు అమ్మాయిగా, ఎల్లుండి ఇంకెవరిగానో ఎదురయ్యే మనిషిని ప్రేమించడం తనవల్ల అవుతుందా అని ఆమె నిజాయితీగా తనను తాను అడుగుతుంది. కొన్ని రోజులు అవుతుంది, కొన్ని రోజులు కాదు. ఆ కాని రోజులను రచయిత దాచలేదు. కొందరు పాఠకులు రియానన్‌ను పైపై మెరుగులు చూసే పిల్ల అని తీసిపారేశారు. అది తొందరపాటు. శరీరంతో తనకు నిమిత్తం లేదని ‘ఎ’ తేలిగ్గా అనేయగలదు, ఎందుకంటే తనకు శరీరమే లేదు. శరీరం ఉన్న పదహారేళ్ల పిల్ల అదే మాట అదే రోజున అనాలని పట్టుపట్టడం సరికాదు.

ఇక మూడో పుస్తకం. దీని మీద వచ్చే ఫిర్యాదులను దగ్గరగా వింటే వాటిలో సగానికి కారణం పుస్తకం కాదు, కాలం. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. 2012లో ఇంటర్ రెండో ఏడాదిలో, ఎంసెట్ పుస్తకాల మధ్య దాచుకుని ‘ఎవ్రీ డే’ చదివిన పిల్ల 2018 వచ్చేసరికి బీటెక్ ముగించి మధురవాడ కొండ మీది ఐటీ ఆఫీసుకు వెళ్తుంటుంది. కథలో మాత్రం ఆరేళ్లు గడవలేదు. ‘ఎ’ ఇంకా టీనేజర్, రియానన్ ఇంకా బడిలోనే ఉంది. చదివేవాళ్లు పెరిగిపోయారు, పాత్రలు ఉన్నచోటే ఉన్నాయి. పదహారేళ్లప్పుడు గుండె పట్టేసిన వాక్యం ఇరవై రెండేళ్లప్పుడు మామూలుగా అనిపిస్తే ఆ తప్పు ఎవరిది? అదే మూడు పుస్తకాలనూ ఒక వేసవి సెలవుల్లో వరసగా చదివిన పిల్లల అభిప్రాయం వేరుగా ఉంటుంది. వాళ్లకు ఎదురుచూపు లేదు కాబట్టి ఆశాభంగమూ తక్కువే. కొనసాగింపు నవల మీద ఎవరి మాట విన్నా, మొదటి భాగం ఏ వయసులో చదివారో ముందు కనుక్కోవడం మంచిది.

ఇది తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. వారపత్రికల సీరియల్ కాలంలో వారం వారం ఎదురుచూడటం అలవాటైన తరం ఇంకా విశాఖ ఇళ్లలో ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తరవాత ‘తులసి’ వచ్చినప్పుడు, మొదటిదాని భయం రెండోదానిలో ఉందా లేదా అని వాదించుకున్న అమ్మల పిల్లలే ఇప్పుడు ఇంగ్లిష్‌లో ‘సమ్‌డే’ చదివి తెలుగులో వాదించుకుంటున్నారు. వాదన తెలుగులో జరగడం వల్ల ఒక మేలు కూడా ఉంది. పుస్తకం అట్ట వెనక రాసిన పొగడ్తల భాష అక్కడికి రాదు. వాళ్లమ్మకు కథ చెప్పాల్సి వచ్చినప్పుడు, అమ్మ అడిగే మొదటి ప్రశ్న ప్రేమ గురించి ఉండదు. మరి ఆ రోజంతా ఆ పిల్లాడు ఎక్కడికి పోయినట్టు అని అడుగుతుంది.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. పరకాయ ప్రవేశం మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథ. మాధవీయ శంకర విజయంలో ఆది శంకరుడు ఉభయభారతి అడిగిన కామశాస్త్ర ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడానికి అమరుక మహారాజు శరీరంలో ప్రవేశిస్తాడు. అయితే రాజు అప్పటికే చనిపోయాడు. శంకరుడు తన శరీరాన్ని గుహలో శిష్యులకు అప్పగించి వెళ్తాడు. వాళ్లు కాపలా ఉంటారు. రాజు ప్రవర్తనలో మార్పు చూసి అనుమానపడ్డ మంత్రులు, ఈ ఆత్మ ఇక్కడే ఉండిపోవాలని, దొరికిన శవాలన్నీ కాల్చేయమని ఆజ్ఞ ఇస్తారు. ఎంత పకడ్బందీ కథో చూడండి. ప్రవేశించిన శరీరానికి సొంతదారు లేడు, వదిలిన శరీరానికి కాపలా ఉంది. అంటే ఎవరి రోజునూ ఎవరూ లాక్కోవడం లేదు. విక్రమార్కుడి కథల్లో మాత్రం ఒక సంగతి వస్తుంది. రాజు తన శరీరం వదిలి వేరే ప్రాణి శరీరంలోకి వెళ్లిన అదను చూసి, నమ్మిన మనిషే రాజు శరీరంలో దూరి సింహాసనం మీద కూర్చుంటాడు. అక్కడ ఆ పని చేసినవాడు దొంగ, ద్రోహి. కథకు ఆ విషయంలో ఏ సందేహమూ లేదు.

ఈ రెంటి మధ్య ఎక్కడో నిలబడింది ‘ఎ’. తను ప్రవేశించేది చనిపోయిన శరీరంలో కాదు, బతికున్న పిల్లల్లో. దొంగ కూడా కాదు, కావాలని రాలేదు. వీలైనంతవరకు వాళ్ల రోజును వాళ్ల రోజులాగే గడిపి వెళ్లిపోవాలని నియమం పెట్టుకుంది. హోంవర్క్ చేస్తుంది, అమ్మానాన్నలతో గొడవ పెట్టుకోదు, మర్నాడు వాళ్లకు ఏదో ఒక మామూలు రోజు గడిచినట్టు మసకగా గుర్తుండేలా చూసుకుంటుంది. రియానన్ కనబడే దాకా ఆ నియమం పనిచేసింది. తరవాత ఆమెను చూడటం కోసం ఒక్కొక్కరి రోజునూ తన అవసరానికి వాడుకోవడం మొదలైంది. బడి మానేయడం, గంటలకొద్దీ కారు నడపడం, ఇంట్లో అబద్ధాలు చెప్పడం. చదివేటప్పుడు ప్రేమ వేగంలో ఇవేవీ పట్టించుకోం. ఆ పని చేయించింది రచయిత నేర్పే.

అందులోనూ మైకేల్ రోజు ఉంది. ఆ రోజు ‘ఎ’ మైకేల్ అనే అబ్బాయిగా లేస్తుంది. ఇంట్లో అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. అక్క పెళ్లి హవాయిలో. ఆ రోజే విమానం. మర్నాటి శరీరం దగ్గర్లోనే దొరుకుతుందన్న నియమం గుర్తుంది కదా. విమానం ఎక్కితే ‘ఎ’ హవాయిలో చిక్కుకుంటుంది. మళ్లీ రియానన్ ఉన్న చోటికి తిరిగి రావడం దాదాపు అసాధ్యం. అందుకని ఇంట్లోంచి పారిపోతుంది. మైకేల్‌ను సొంత అక్క పెళ్లికి దూరం చేస్తుంది. అమెరికా పాఠకులకు ఇది ఒక పెద్ద ఇబ్బందికరమైన ఘట్టం. తెలుగు పాఠకులకు అంతకంటే ఎక్కువ. అక్క పెళ్లిలో తమ్ముడు కనపడకపోతే ఆ ఇంట్లో ఆ మాట ఎన్నేళ్లు నలుగుతుందో మనకు తెలుసు. పెళ్లికూతురిని మండపంలోకి తెచ్చే దగ్గర్నుంచి అప్పగింతల దాకా వాడు ఎక్కడ, వాడు ఎక్కడ అని అడుగుతూనే ఉంటారు. ఫొటోల్లో వాడుండడు. ఎందుకు పారిపోయావురా అని అడిగితే వాడి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే పారిపోయింది వాడు కాదు. ప్రేమ కోసం చేసింది కాబట్టి ‘ఎ’ను క్షమించాలా అన్న చోట ఇక్కడి చదువరుల్లో చాలామంది ఠక్కున ఆగిపోతారు. ఆగిపోవడమే సరైన చదువు.

నేథన్ సంగతి ఇంకో రకం. నేథన్ శరీరంలో ‘ఎ’ ఒక పార్టీకి వెళ్లి రియానన్‌తో డాన్స్ చేస్తుంది. ఆలస్యమైపోతుంది. అర్ధరాత్రిలోగా ఇంటికి చేరడం కుదరదని తేలిపోయి, కారు రోడ్డు పక్కన ఆపేస్తుంది. నేథన్‌కు మెలకువ వచ్చేసరికి తెలియని చోట, కారులో, ఎదురుగా పోలీసు. రాత్రి ఏం చేశాడో చెప్పలేడు. పద్ధతిగా పెరిగిన పిల్లాడు. తాగలేదంటే ఎవరు నమ్ముతారు? తనను దెయ్యం పట్టిందని అతనికి అతనే ఒక నిర్ణయానికి వస్తాడు. ఆ మాట వార్తల్లోకి ఎక్కుతుంది. దానికితోడు ‘ఎ’ అతని కంప్యూటర్‌లో ఈమెయిల్ చూసుకుని, ఆ జాడ చెరపడం మరిచిపోయింది. ‘ఎ’కు ఈ లోకంలో నిలకడగా ఉన్న ఒకే ఒక్క చిరునామా ఆ ఈమెయిల్. నేథన్ దానికి రాయడం మొదలుపెడతాడు. నాకేం చేశావో చెప్పు అని నిలదీస్తాడు. మొదటి పుస్తకంలో ఈ ఉత్తరాలు కథకు టెన్షన్ తెచ్చిపెట్టే ఏర్పాటుగానే కనిపిస్తాయి. రియానన్ దగ్గరికి ఎప్పుడు వెళ్తాం అన్న తొందరలో నేథన్ ఒక అడ్డంకి.

‘సమ్‌డే’ చేసిన మంచి పని నేథన్‌ను అడ్డంకి స్థానం నుంచి తీసి మనిషిగా నిలబెట్టడం. అతనికి సొంత గొంతు ఇచ్చింది. ఒక రోజు తన చేతిలోంచి జారిపోయిన మనిషి తరవాతి రోజులు ఎలా గడుపుతాడు, తన శరీరాన్ని తానే ఎలా నమ్ముతాడు, నిద్రపోవాలంటే ఎలా ఉంటుంది, ఇవన్నీ అందులో వస్తాయి. ప్రేమకథ కోసం వచ్చినవాళ్లకు ఈ అధ్యాయాలు బ్రేకుల్లా అనిపించాయి. గొంతులు మరీ ఎక్కువయ్యాయని వచ్చే ఫిర్యాదు పూర్తిగా తప్పేమీ కాదు. ‘ఎ’, రియానన్, నేథన్, ‘ఎ’ లాగే శరీరాలు మారే ‘ఎక్స్’, వీళ్లు చాలరన్నట్టు ‘ఎ’ లాంటి మరికొందరు కూడా మాట్లాడతారు. కొన్ని గొంతులు ఒకదానికొకటి తేడా తెలియకుండా కలిసిపోతాయి. ఒకరి బాధ మనసుకు పట్టేలోపు ఇంకొకరు అందుకుంటారు. కథ ఒక ఊపులో సాగదు. కానీ ఒకే గొంతుతో రాసి ఉంటే మళ్లీ ‘ఎ’ మాటే చెల్లుబాటయ్యేది, మిగతావాళ్లు మళ్లీ ఒక రోజుకు తీసుకున్న అద్దె ఇళ్లలా మిగిలిపోయేవారు.

‘ఎక్స్’ దగ్గర మాత్రం పుస్తకం తడబడింది. మొదటి నవల చివర్లో రెవరెండ్ పూల్ అనే మత బోధకుడి ముఖంతో కనిపించిన మనిషే ఈ ‘ఎక్స్’. అతను, తానూ ‘ఎ’ లాంటివాణ్నేనని, ఒకే శరీరంలో ఉండిపోవచ్చని చెబుతాడు. ఆ ఒక్క మాటతో పాఠకుడి వెన్ను జలదరిస్తుంది. ఎందుకంటే ‘ఎ’ కలలో కూడా కోరుకునేది అదే: ఒక చోట ఉండటం, ఒకరితో ఉండటం. దానికి ఇంకొకరి మొత్తం జీవితం మూల్యంగా ఇవ్వాలి. మూడో పుస్తకంలో ‘ఎక్స్’ ఎంత ప్రమాదకరమైనవాడో వివరంగా చూపిస్తారు. చూపించినకొద్దీ ప్రశ్న తేలికైపోయింది. శరీరాన్ని దోచుకుని సొంతదారును పట్టించుకోనివాడు చెడ్డవాడని తేల్చడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. విక్రమార్కుడి కథలోని దొంగ లాగే అతని మీద తీర్పు చెప్పేస్తాం. ఎంతో మంచి మనసున్న ‘ఎ’ వల్ల మైకేల్‌కు, నేథన్‌కు జరిగిన నష్టం మీద తీర్పు అంత సులువు కాదు. పక్కన అంత చెడ్డవాడు నిలబడేసరికి ‘ఎ’ చేసినవి చిన్న తప్పుల్లా కనబడతాయి. కొనసాగింపు నవలల్లో ప్రతినాయకుణ్ని తెస్తే కథకు ఊపు వస్తుంది గానీ, మొదటి నవలలోని కష్టమైన ప్రశ్న మెత్తబడిపోతుంది. ఈ విషయంలో పెదవి విరిచినవాళ్లు సరిగ్గానే చదివారు.

ఇంకో అభ్యంతరం మొదటి పుస్తకం నుంచీ ఉంది. ఒక రోజు ‘ఎ’ ఫిన్ అనే బాగా లావుపాటి అబ్బాయి శరీరంలో లేస్తుంది. దాదాపు 300 పౌండ్లు, మన లెక్కలో 136 కిలోలు. డ్రగ్స్‌కు బానిసైన శరీరంలో ఉన్నప్పుడు, ఆత్మహత్య ఆలోచనలతో నలిగే కెల్సీ శరీరంలో ఉన్నప్పుడు ‘ఎ’కు ఎంతో అర్థం చేసుకునే గుణం ఉంది. కెల్సీ డైరీ చూసి, జోక్యం చేసుకోకూడదన్న సొంత నియమాన్ని కూడా పక్కనపెట్టి వాళ్ల నాన్నకు చెబుతుంది. ఆ అధ్యాయం మంచి రచన. ఫిన్ దగ్గరికి వచ్చేసరికి ఆ దయ మాయమైపోతుంది. బద్ధకం, నిర్లక్ష్యం వల్లే ఇలా అయ్యాడన్నట్టు మాట్లాడుతుంది. అందరి లోపలికీ వెళ్లి చూసే పాత్రకు ఈ ఒక్క అబ్బాయి లోపల ఏముందో కనపడలేదా అని ఎందరో పాఠకులు బాధపడ్డారు. మన దగ్గర పెళ్లికో పేరంటానికో వెళ్తే పలకరింపుకన్నా ముందే లావయ్యావన్న మాట వినాల్సి వస్తుంది. ఆ మాట విని విని పెరిగిన పిల్ల ఈ నవలను నా లాంటి అందరినీ అర్థం చేసుకునే పుస్తకం అనుకుని తెరిచి, ఫిన్ దగ్గర దెబ్బ తిన్నట్టు ఆగిపోతే, కొనసాగింపును ప్రేమతో తెరవగలదా? మూడో పుస్తకాన్ని కొందరు మొదటినుంచీ అనుమానంగా చదవడానికి ఈ గాయం కూడా ఒక కారణం. దాన్ని అతి సున్నితత్వం అని కొట్టిపారేయడం అన్యాయం.

దానికి ఎదురుగా విక్ అధ్యాయం పెట్టాలి. ఆడపిల్లగా పుట్టి అబ్బాయిగా బతికే విక్ శరీరంలో ‘ఎ’ గడిపిన రోజు, చదివినవాళ్లలో కొందరికి పుస్తకం మొత్తం మీద గుర్తుండే రోజు. మన దేశంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద తీర్పు ఇచ్చింది, తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కును ఒప్పుకుంది. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద తీర్పు వచ్చింది. ‘సమ్‌డే’ వచ్చింది ఆ తరవాతి నెలలోనే. విశాఖలో ఈ పుస్తకాన్ని అప్పట్లో చదివిన పిల్లలకు ఇది దూరదేశపు విచిత్రంలా కాకుండా పేపర్లో, ఇంట్లో భోజనాల దగ్గర నడుస్తున్న చర్చలా అనిపించడానికి ఆ సమయమే కారణం. ఆ చర్చ అన్ని ఇళ్లలో సవ్యంగా సాగి ఉండదు. పుస్తకం చేతిలో ఉన్న పిల్లకు మాత్రం ఆ మాట ఎత్తడానికి ఒక సాకు దొరికింది. సాహిత్యం నుంచి ఆ మాత్రం ఆసరా ఎంత విలువైనదో ఆ వయసు దాటొచ్చినవాళ్లకు తెలుస్తుంది.

ఇంక మొదటి పుస్తకం ముగింపు. కొనసాగింపు మీద అంచనాలన్నీ అక్కడి నుంచే పుట్టాయి. తనతో రియానన్‌కు భవిష్యత్తు లేదని తెలుసుకున్న ‘ఎ’, అలెగ్జాండర్ అనే మంచి అబ్బాయి శరీరంలో ఉన్న రోజున ఆమెను అతని ఇంటికి తీసుకొస్తుంది. అతను చదివే పుస్తకాలు, స్నేహితులు, మంచితనం అన్నీ చూపించి, ఇతను నీకు తగినవాడని చెప్పి వెళ్లిపోతుంది. త్యాగమని కళ్లు తుడుచుకున్నవాళ్లు ఎందరో. విశాఖలో మరో రకం పాఠకులకు మాత్రం ఇది పెద్దలు పిల్లనడక్కుండా సంబంధం కుదిర్చేసినట్టే అనిపించింది. పిల్లను అడగలేదు సరే, పిల్లాణ్ని కూడా అడగలేదు. అలెగ్జాండర్‌కు తెల్లారేసరికి పక్కన ఒక అమ్మాయి, ఏదో జరిగినట్టు మసక జ్ఞాపకం. ఇద్దరి జీవితాలనూ కలిపేసి వెళ్లిపోయిన మూడో మనిషి చేసిన పనిని ప్రేమ అనాలా, పెత్తనం అనాలా? ‘సమ్‌డే’ అక్కర్లేదు, మొదటిదాంతోనే ఆపేయాల్సింది అనేవాళ్లు ఈ ముగింపును అందంగా ఉందని వదిలేయమంటున్నారు. వదిలేస్తే రియానన్ ఏమనుకుందో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమెకు ఆ ఏర్పాటును ఒప్పుకోకుండా ఉండే అవకాశం దొరికింది కొనసాగింపుల్లోనే.

శరీరం మారే మహిమ ఎందుకుంది, ఎలా పనిచేస్తుంది, ‘ఎ’ లాంటివాళ్లు ఇంకెంతమంది అన్న ప్రశ్నలకు జవాబులు కోరి మూడో పుస్తకం తెరిచినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు దొరికింది కొంచెమే. ఇది లోపమని చాలామంది అంటారు. నిజానికి ఆ విషయంలో రచయిత నిగ్రహం చూపించాడు. మహిమకు కారణం చెప్పిన మరుక్షణం కథ ఆ కారణం చుట్టూ తిరగడం మొదలవుతుంది. ‘ఎ’ లాంటివాళ్లు ఒకరినొకరు వెతుక్కుని, ఎవరు ఎలా నెగ్గుకొస్తున్నారో చెప్పుకోవడం వరకే అతను వెళ్లాడు. అది చాలు.

2018 ఫిబ్రవరిలో మైకేల్ సక్సీ దర్శకత్వంలో వచ్చిన సినిమా చూసి పుస్తకాల దగ్గరికి వచ్చినవాళ్లు వేరే. సినిమాలో ప్రేమకథే ముందుంటుంది. అది చూసి ‘సమ్‌డే’ పట్టుకుంటే తప్పు గదిలోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. వాళ్ల నిరాశను పుస్తకం మీద వేయడం కుదరదు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట్ల కూర్చుని చదివే పిల్లలకైనా, ఫోన్‌లో చదివే పిల్లలకైనా ఈ మూడు పుస్తకాలు ఇచ్చేటప్పుడు పెద్దలు ఒక పని చేయవచ్చు. కథ బాగుందా అని కాకుండా, ‘ఎ’ వెళ్లిపోయాక మర్నాడు ఎవరి పరిస్థితి ఎలా ఉండి ఉంటుందని అడగాలి. మైకేల్ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది, ఫిన్‌కు ఆ రోజు గుర్తుందా, అలెగ్జాండర్ ఆ అమ్మాయితో ఏం మాట్లాడి ఉంటాడు. పిల్లల దగ్గర వీటికి చాలా జవాబులు ఉంటాయి, పెద్దలు ఊహించనివి కూడా. మూడూ వరసగా చదివే ఓపిక లేనివాళ్లు మొదటి నవలలో నేథన్ రోడ్డు పక్కన కళ్లు తెరిచే దాకా చదివి, అక్కడి నుంచి నేరుగా ‘సమ్‌డే’లో అతని అధ్యాయాలకు వెళ్లినా, పాఠకులు దేని గురించి పోట్లాడుకుంటున్నారో స్పష్టంగా తెలుస్తుంది.